లష్కర్‌ను ఎవరూ అడగలేదు



కోదాడ నుంచి లోపలికి పోతే, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఊళ్లన్నీ తిరిగి, అలిసిపోయి, ఆఖరున చేరే పల్లె ఒకటుంది. పేరు చెప్పను. చెబితే మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ నాకు చాయ్ పుట్టదు. కొన్నేళ్ల కిందట ఆ ఊరికి ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక పెద్దమనుషులు వక్కాకు నములుతూ వేపచెట్టు కింద అరుగు దగ్గర చేరారు. నాకూ చేతిలో పని లేదు, ఓ మూల కుర్చీ లాక్కున్నాను. మాట యాసంగి మీదికి మళ్లింది. చూస్తుండగానే అది ఊరి సభ అయి కూర్చుంది. వరి వేద్దామా, లేకపోతే పెసరో మినుమో చల్లి ఆరుతడితో సరిపెట్టుకుందామా, ఇదీ తేల్చాల్సిన సంగతి.

ముందు నోరు విప్పింది ఊరంతా పెదనాన్నా అని పిలిచే ఒక పెద్దాయన. "సాగర్ నిండింది. గేట్లు గూడ ఎత్తిండ్రు. ఇంక ఆలోచన దేనికిరా? వరే."

ఆ మాట పడ్డాక గంటన్నర చర్చ జరిగింది. సాగర్ నిండిందన్న సంగతినే ఏడుగురు ఏడు రకాలుగా చెప్పారు. వానాకాలంలో ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో ఒకాయన చెబితే, తనకు ఇంకో రెండు బస్తాలు ఎక్కువే అయ్యాయన్నాడు పక్కాయన. పెసర వేస్తే కోతులు, పందులు. వరికైతే కొనేవాడున్నాడు. అన్నీ నిజాలే. అయితే అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ ముందే తెలిసిన నిజాలు. కొత్త మాట ఒక్కటి రాలేదు. "నలుగురం కలిసి అనుకున్నదే గదా" అని దులుపుకుని లేచారు. వరి నాటారు.

ఫిబ్రవరి ఆఖరుకు కాలువ తడబడింది. మార్చిలో, చేను పొట్టకొచ్చే వేళకు, చివరి తూముల కింద నేల నెర్రెలిచ్చింది. బోరున్నవాళ్ల దగ్గర కొందరు తడికింత అని నీళ్లు కొనుక్కున్నారు. మిగిలినవాళ్లు చేలో పశువుల్ని వదిలారు.

ఎండాకాలంలో మళ్లీ ఆ ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఈసారి అరుగు మీద కాకుండా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. మొదట దొరికినవాడు లష్కర్. కాలువ గట్టు వెంట తిరుగుతూ తూములు తెరిచి మూసే మనిషి. అతనన్న మాట ఇది: "మొన్న వానాకాలం వరదకు మూడో తూము షట్టరు వంగింది సార్. సగం కాడికి లేచి పట్టుకుంటది. మైనర్ల పూడిక మోకాలు బంటి ఉంది. వానలున్నన్నాళ్లు ఎవ్వరికీ తెల్వలే. యాసంగికి పైన ఎంత ఒదిలినా మన కాడికి వచ్చేది సగమే."

"మరి ఆ రోజు చెప్పలేదేం? అక్కడే ఉన్నావు కదా!"

"ఉన్న. కుర్చీలేసింది నేనే గదా. నన్నెవరడిగిండ్రు?"

తర్వాత నాట్ల ముఠా నడిపే మేస్త్రి, ఒక నడివయసు ఆమె. ఆ రోజు వంటల దగ్గర గరిటె తిప్పుతూ ఉంది. వేములపల్లి వైపు రైతులు ఆమె ముఠాను ఇరవై రోజులకు ముందే మాట్లాడుకున్నారట. ఎప్పుడూ బీడుండే మళ్లు కూడా ఈసారి నాటుతున్నారని ఆమెకు తెలుసు. కాలువ మొదట్లో సాగు పెరిగితే చివర్లో ఏమవుతుందో ఏ రైతుకైనా తెలుసు. పెరిగిందన్న కబురు మాత్రం గరిటె పట్టుకున్న మనిషి దగ్గర ఉండిపోయింది.

డిగ్రీ చదివి పోటీ పరీక్షలకు తయారవుతున్న కుర్రాడు ఒకడు రోజూ ఫోన్‌లో సాగర్ మట్టం చూస్తాడు. పూర్తి మట్టం 590 అడుగులు. నిండిన మాట అందరికీ తెలుసు. నిండాక రోజుకెంత దిగుతోందో అతనికొక్కడికే తెలుసు. "చెబితే మీదికొస్తరు సార్, నిన్న మొన్నటి పిలగానివి నీకేం తెలుసంటరు" అన్నాడు. ఒక కౌలు రైతుకు మూడో తూము కింది మడి ఎంత కష్టంగా తడుస్తుందో ఒంటికి తెలుసు. ఆ మడి యజమాని అరుగు మీదే కూర్చున్నాడు. పొలానికి నీళ్లెక్కవని నలుగురిలో అంటే వచ్చే ఏడు కౌలు ఇంకొకరికి పోతుంది. కాబట్టి అతను తలూపాడు.

ఐదో మనిషి ఎవరో చెప్పకపోతే తప్పవుతుంది. నేనే. పెళ్లి రోజు పొద్దున మిర్యాలగూడ వైపు నుంచి బస్సులో వస్తూ కాలువ గట్టున వరసగా బిగించిన మోటార్లు చూశాను. కిటికీ పక్కన కూర్చుని లెక్క కూడా పెట్టాను, పొద్దుపోక. సభలో అది చెప్పాలని తోచలేదు. తోచినా చెప్పేవాణ్ణి కాదేమో. అతిథిని, పెళ్లికొచ్చినవాణ్ణి, ఊరివాళ్ల వ్యవసాయంలో వేలు పెట్టడమేమిటి?

ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఐదు ముక్కలూ ఆ వేపచెట్టు నీడలోనే ఉన్నాయి. పక్కపక్కన పేరిస్తే చిన్నపిల్లవాడు కూడా పెసరే అనేవాడు. వాటిని పేర్చే పనికే మనం సభ అని పేరు పెట్టుకున్నాం. మరి సభ జరిగింది కదా, ఎందుకు పేరుకోలేదు?

ఈ ప్రశ్నను గారాల్డ్ స్టాసర్, విలియం టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో పరీక్షకు పెట్టారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మయామి విశ్వవిద్యాలయంలో. సముద్రపు ఒడ్డు మయామి కాదండోయ్, ఇది వేరే. విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి ముగ్గురు ఊహా అభ్యర్థుల్ని తయారు చేశారు. ముగ్గురిలో ఒకరు స్పష్టంగా మెరుగు. నలుగురేసి విద్యార్థుల్ని కూర్చోబెట్టి, మాట్లాడుకుని ఒకర్ని ఎంచమన్నారు. వివరాలన్నీ అందరి చేతికీ ఇచ్చినప్పుడు 83 శాతం బృందాలు ఆ మెరుగైన అభ్యర్థినే పట్టుకున్నాయి. తర్వాత అవే వివరాలను పంచి ఇచ్చారు. మంచి అభ్యర్థిలోని మంచి ముక్కలు ఒక్కొక్కరికి కొన్ని, చెడు మాత్రం అందరికీ తెలిసేలా. నలుగురూ తమ చేతిలోని ముక్కలు బయట పెడితే చిత్రం పూర్తవుతుంది. కానీ అలా పంచినప్పుడు నాలుగో వంతు బృందాలు కూడా ఆ అభ్యర్థిని పట్టుకోలేకపోయాయి. మాట్లాడుకోమన్నారు, మాట్లాడుకున్నారు కూడా. అందరి దగ్గరా ఉన్న ముక్కల గురించే మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఇలాంటి ప్రయోగాలు దేశదేశాల్లో జరిగాయి. 2012లో 65 అధ్యయనాలను కలిపి చూస్తే తేలింది ఇదీ: సమాచారం ఇలా చెల్లాచెదురుగా ఉన్న బృందాలు సరైన జవాబు పట్టుకునే అవకాశం, అంతా అందరికీ తెలిసిన బృందాలతో పోలిస్తే ఎనిమిదో వంతే.

ఇందులో కొంత భాగం మనుషుల గుణం కూడా కాదు, ఒట్టి లెక్క. కాగితం అక్కర్లేదు, వింటూ ఉండండి. తనకు తెలిసిన ఒక సంగతిని సభలో నోటితో పలికే అవకాశం ప్రతి మనిషికీ నూటికి 30 అనుకుందాం. నలుగురికీ తెలిసిన సంగతి ఎవరో ఒకరి నోట వచ్చే అవకాశం నూటికి 76. ఒక్కడికే తెలిసిన సంగతి వచ్చే అవకాశం? అదే 30. ఇప్పుడు నలుగురి బదులు ఇరవై మందిని కూర్చోబెట్టండి. అందరికీ తెలిసింది దాదాపు ఖాయంగా బయటికొస్తుంది. లష్కర్ సంగతి ఇంకా ఆ 30 దగ్గరే నిలబడి ఉంటుంది, కుర్చీలు వేస్తూ. అంటే జనం పెరిగే కొద్దీ తెలివి పెరగాల్సింది పోయి, అందరికీ తెలిసిన సంగతికీ ఒక్కడికే తెలిసిన సంగతికీ మధ్య దూరం పెరుగుతుంది. రెండు వందల మంది ఉన్న ఊరి వాట్సాప్ గ్రూపు తెరిచి చూస్తే ఈ లెక్క రుజువవుతుంది. ఒకే శుభోదయం పాతిక సార్లు.

లెక్క తర్వాత మనిషి. అందరికీ తెలిసింది చెబితే అందరూ తలూపుతారు. తలలూగుతుంటే చెప్పినవాడికి హాయి. విన్నవాడికీ హాయే, తనకు తెలిసిందే పెద్దమనిషి నోటా వచ్చింది కదా! 1999లో వచ్చిన ఒక అధ్యయనం దీన్నీ పట్టుకుంది. అందరికీ తెలిసిన సంగతి చెప్పినవాణ్ణే బృందం సమర్థుడిగా లెక్కేసింది. తనొక్కడికే తెలిసింది చెప్పినవాడికి అంత మర్యాద దక్కలేదు. అతని మాటకు సాక్ష్యం చెప్పేవాడుండడు మరి. "నీకెవరు చెప్పారు?" అనే ప్రశ్న అతన్నే అడుగుతారు. సాగర్ నిండిందన్నవాణ్ణి ఎవరడిగారు, నీకెవరు చెప్పారని? నలుగురితో నారాయణ అని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఆ నలుగురూ కూడా ఒకరినొకరు చూసుకునే నారాయణ అంటున్నారన్నది సామెతలో లేదు.

మరొకటి. ఆ పెద్దాయన మొదటి వాక్యం. "ఇంక ఆలోచన దేనికిరా? వరే." తీర్పు ముందు వచ్చింది, విచారణ తర్వాత వచ్చింది. తీర్పు వచ్చాక నోరు తెరిచే ప్రతివాడూ ఇక రైతు కాడు, వరి పక్షమో పెసర పక్షమో అవుతాడు. పూడిక గురించి చెప్పడం అప్పుడు సమాచారం ఇవ్వడం కాదు, పెదనాన్నకు ఎదురు చెప్పడం. పైగా పెళ్లి ఇంట్లో అశుభం పలకడం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు అందరి నోళ్లూ చాలా మంచిగా ఉన్నాయి.

ఇది పల్లెటూరి వ్యవహారమనీ, చదువుకున్నవాళ్లయితే ఇలా చేయరనీ ఎవరైనా అనుకుంటే, 2003 గుర్తు చేస్తాను. జనవరి 16న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని తీసుకుని కొలంబియా వ్యోమనౌక నింగికెగిరింది. ఎగిరిన 82 సెకన్లకు బయటి ఇంధన ట్యాంకు నుంచి ఒక నురుగు ముక్క ఊడి ఎడమ రెక్కకు కొట్టుకుంది. మర్నాడే ఇంజనీర్లు వీడియోలో చూశారు. రెక్కకు ఎంత దెబ్బ తగిలిందో తెలియాలంటే కక్ష్యలో ఉండగానే ఫొటోలు తీయించండని అడిగారు. ఒకసారి కాదు, మూడు వేర్వేరు దారుల్లో. ఫొటోలు రాలేదు. నురుగు ముక్కలు ఊడటం మామూలే, ఇదివరకూ ఊడాయి, ఏమీ కాలేదు కదా అన్నది పైవాళ్లందరికీ తెలిసిన సంగతి. ఒక ఇంజనీరు ఘాటుగా ఒక మెయిల్ రాసి, పైకి పంపకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఫిబ్రవరి 1న ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక ఈ కథంతా పేజీలకు పేజీలు రాసింది. పంపని ఆ మెయిల్ సంగతి చదివినప్పుడు నాకు మా లష్కర్ గుర్తొచ్చాడు. నన్నెవరడిగిండ్రు?

మిర్యాలగూడకొస్తే కథ ఇంకో రకం. ఇక్కడ మౌనానికి కారణం మొహమాటం కాదు, డబ్బు. ఆ పట్టణం చుట్టూ ఉన్నన్ని బియ్యం మిల్లులు ఒక్కచోట ఉండటం దేశంలోనే అరుదు. కోత మిషను పొలంలో దిగిందంటే పచ్చి వడ్లు గంటల్లో ట్రాక్టరెక్కుతాయి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికైతే 17 శాతం తేమ దాటకూడదు, ఆరబెట్టాలి, కాంటా కోసం ఆగాలి. అంత ఓపికా, కళ్లమూ లేనివాళ్లు నేరుగా మిల్లు గేటు ముందు నిలబడతారు. 2020 నవంబరులో సన్నాలు ఒక్కసారిగా పోటెత్తాయి. ఆ ఏడు సన్నరకాలు వేయమని ప్రభుత్వమే చెప్పింది, వేశారు, అందరివీ ఒకేసారి కోతకొచ్చాయి. ట్రాక్టర్ల బారులు పెరిగి టోకెన్లు పెట్టాల్సి వచ్చింది. వడ్లకు ముందు టోకెన్ల కోసం రైతులు రాత్రిళ్లు లైన్లో నిలబడ్డారు.

ఎవరి కోత ఎప్పుడో వాళ్లకు తెలుసు. అందరి కోతలూ ఎప్పుడో ఎవరికి తెలుసు? కోత మిషన్ల ఏజెంటుకు తెలుసు. అతని జేబులో ఒక డైరీ ఉంటుంది, ఏ ఊళ్లో ఏ తేదీన ఎన్ని ఎకరాలో వరసగా రాసి. వారం ముందు ఆ డైరీ నాలుగు ఊళ్ల గోడల మీదికెక్కితే ఎవరు ముందు కోయాలో, ఎవరు నాలుగు రోజులు ఆగాలో మాట్లాడుకునే వీలుండేది. కానీ ఆ డైరీ అతని బతుకుతెరువు. ఎందుకిస్తాడు? ఇవ్వనందుకు అతన్ని తప్పు పట్టడానికీ లేదు, అడిగినవాళ్లెవరూ లేరు.

ధర సంగతి మరీ చిత్రం. మిల్లు నుంచి తిరిగొస్తున్న ట్రాక్టరును ఆపి ఎంత పలికిందని అడిగి చూడండి. తక్కువొచ్చినవాడు పరువు కోసం సరిగ్గా చెప్పడు. ఎక్కువొచ్చినవాడు మిగతావాళ్లు ఎగబడతారని చెప్పడు. ఇద్దరూ చెప్పే అంకె ఒకటే, "ఆ, ఏదో అందరికీ వచ్చినట్టే." మిల్లు వైపు మాత్రం నాలుగు ఫోన్లలో అసలు ధర తిరుగుతూనే ఉంటుంది. సభలో లష్కర్‌ను అడగకపోవడం ఒక రకం నష్టం. చెప్పకుండా ఉంటేనే లాభమని ప్రతివాడికీ అనిపించే చోట వచ్చే నష్టం ఇంకో రకం. ఐకమత్యం గురించి ఉపన్యాసాలిస్తే ఈ రెండో జబ్బు కుదరదు.

కుదిరిన చోటు ఉంది. అది కాలువ కింద కాదు, బోర్ల కింద.

సూర్యాపేట ఉత్తరాన, తుంగతుర్తి, ఆత్మకూరు వైపు మెట్ట భూములు ఎన్ని బోర్లు మింగాయో ఆ నేలకే తెలియాలి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ నీళ్లు పారక ముందు అక్కడి బతుకంతా బోరు మీదే. బోరు విషయంలో మనవాళ్ల రహస్యం గురించి వేరే చెప్పాలా? పడిన బోరు గురించి గొప్పగా చెబుతారు. పడని బోరు గురించి, పెళ్లి సంబంధాలున్న ఇల్లయితే, అసలు మాటెత్తరు. పక్క చేనులో మూడు వందల అడుగుల దాకా పొడి దుమ్మే లేచిందని తెలియక ఈ చేనువాడు రిగ్గు బండిని పిలుస్తాడు. అతని దుమ్ము సంగతి ఇంకో గట్టువాడికి తెలియదు. ఆ నేల కింద ఏముందో ఊరందరికీ కలిపి తెలుసు, ఏ ఒక్కరికీ తెలియదు.

2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, మన నల్లగొండ. సూర్యాపేట అప్పటికి నల్లగొండ జిల్లాలోదే కదా, విడి జిల్లా అయింది 2016 అక్టోబరులో. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థలు నడిపిన ఆ పథకం పొడి అక్షరాల పేరు ఏపీఎఫ్ఏఎంజీఎస్. పేరు నోరు తిరగదు గానీ చేసిన పని తేలికైనది. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే, ఆడా మగా, వాన కొలిచారు. ఎంచుకున్న బావుల్లో, బోర్లలో నీటి మట్టం పదిహేను రోజులకోసారి కొలిచారు. బోరు ఎంత పోస్తోందో చూశారు. చూసింది నోటుపుస్తకంలో దాచుకోలేదు. ఊరి మధ్యన గోడ మీద, బోర్డు మీద రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, నేలలో ఇన్ని నీళ్లున్నాయి, మనం అనుకుంటున్న పంటలకు ఇన్ని కావాలి అని కూడికలు తీసివేతలు చేశారు. దానికి పంటల నీటి బడ్జెట్ అని పేరు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ సభల్లో వరి వేయొద్దని తీర్మానాలు చేయలేదు. ఒట్లు లేవు, జరిమానాల్లేవు. లెక్క చూశాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లి ఎవరి పంట వాళ్లు నిర్ణయించుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో వేసిన నివేదిక ప్రకారం, పథకం కింద ఉన్న జల విభాగాల్లో 42 శాతం చోట్ల యాసంగిలో నేల నుంచి నీళ్లు తోడటం ఏటేటా వరసగా తగ్గింది. 51 శాతం చోట్ల ఒక ఏడు తగ్గి ఒక ఏడు తగ్గకా నడిచింది. పెరిగింది 7 శాతం చోట్లే. ఎవరినీ బతిమాలకుండా, ఎవరినీ బెదిరించకుండా.

ఎందుకు కుదిరిందంటారా? నాకు తోచింది చెబుతాను. అంకె ముందు గోడెక్కింది, అభిప్రాయం తర్వాత వచ్చింది. ఏ పెదనాన్నా "నీళ్లకేం, దండిగా ఉన్నయి" అనే వీలు లేకుండా పోయింది, వెనకే బోర్డు ఉంది మరి. రాసింది ఎవరన్నది కూడా పట్టింపు లేకుండా పోయింది. ఒక ఆడమనిషి చెబితే వినని చెవి, ఆమె రాసిన అంకెను చదివింది. పడని బోరు పరువు తక్కువ వ్యవహారం కాకుండా ఒక లెక్క అయింది.

కాలువల మీద ఇలాంటిది జరగలేదా అంటే, జరగబోయి ఆగిందనాలి. 1997లో చట్టం చేసి, అదే ఏడు రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ ఎన్నికైన సంఘం అంటే మళ్లీ అరుగు మీది పెద్దమనుషులే. కాగితం మీద పేరు లేని కౌలు రైతు బయటే, లష్కర్ గట్టు మీదే. కుర్చీలు మారాయి, అడిగే పద్ధతి మారలేదు.

అడిగే పద్ధతి అంటే గుర్తొచ్చింది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం. ఆ కొండ మీద దొరికిన తోరణం శిల్పాలకు మంచి పేరుంది. మనం చూడాల్సింది శిల్పాలొక్కటే కాదనిపిస్తుంది నాకు. బౌద్ధ సంఘం నియమాల్లో సభ నడిపే విధానం వివరంగా ఉంది. తీర్మానం చదువుతారు, అభ్యంతరం ఉన్నవాడు మాట్లాడాలి, మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే. ఇంతవరకూ మన అరుగు సభకూ దానికీ తేడా లేదు, మౌనం అర్ధాంగీకారమని మనమూ అంటాం. కానీ ఆ నియమాలు రాసినవాళ్లకు మౌనం మీద అనుమానం కూడా ఉన్నట్టుంది. వివాదం తెగకపోతే రంగురంగుల పుల్లలు పంచి ఓటు తీసేవారు. బహిరంగంగా తీయొచ్చు, చెవిలో చెప్పొచ్చు, పూర్తిగా గుట్టుగానూ తీయొచ్చు. అన్నిటికంటే గొప్పది ప్రవారణ. వానాకాలం మూడు నెలలు ఒక్కచోట గడిపాక భిక్షువులంతా చేరతారు. అందరిలోకి పెద్దవాడు మొదట చేతులు జోడించి, నాలో మీరు చూసిన తప్పు గానీ, విన్నది గానీ, అనుమానించింది గానీ ఉంటే చెప్పండని సంఘాన్ని అడుగుతాడు. తర్వాత రెండో పెద్ద, తర్వాత మూడో పెద్ద. అనుమానించింది కూడా చెప్పమన్నారు, గమనించండి. రుజువు తెమ్మనలేదు. పూర్వం యూదుల న్యాయసభలో మరణశిక్ష వ్యవహారమైతే తీర్పు చెప్పడం చిన్నవాళ్లతో మొదలుపెట్టాలన్న నియమం ఉండేది, పెద్దవాడు ముందు చెబితే చిన్నవాడు ఎదురాడలేడని. ఒకచోట పెద్దవాడు ముందు అడుగుతాడు. ఇంకోచోట చిన్నవాడు ముందు చెబుతాడు. మన పెదనాన్న ముందు చెప్పేసి, తర్వాత అడిగాడు.

ఇప్పటి పరిశోధకులు చెబుతున్నదీ దీనికి దగ్గరగానే ఉంది. స్టాసరే మరో ఇద్దరితో కలిసి 1995లో ఇంకో ప్రయోగం చేశాడు. ఫలానా సంగతి ఫలానా ఆయనకు బాగా తెలుసని సభ మొదట్లోనే అందరి ముందూ ప్రకటిస్తే, ఒంటరి సమాచారం ఎక్కువగా బయటికొచ్చింది. వేపచెట్టు కింద అదే జరిగి ఉంటే? తూముల సంగతి మన లష్కర్ చెబుతాడు, నాట్ల సంగతి మేస్త్రమ్మ చెబుతుంది, అని ఒక్క మాట! ఇంకొకటి నన్ను ఆశ్చర్యపరిచింది. 2006లో జర్మనీ పరిశోధకులు చూపించినదాని ప్రకారం, సభకు రాకముందే సభ్యుల అభిప్రాయాలు వేరువేరుగా ఉంటే ఆ బృందం మెరుగ్గా తేలుతుంది, మొదట్లో అందరివీ తప్పు అభిప్రాయాలే అయినా సరే. ఒకడు వరి, ఒకడు పెసర, ఒకడు మొక్కజొన్న అంటూ వస్తే, నెగ్గడానికైనా ప్రతివాడూ జేబులోది తీసి చూపించాల్సి వస్తుంది. గొడవ పడే ఊరికి పంట దక్కే అవకాశం ఎక్కువన్నమాట. మా ఊరి పెద్దలు వింటే నన్ను కొడతారు.

ధైర్యంగా మాట్లాడండి అని యువతకు చెప్పే ఉపన్యాసాలు నాకు నచ్చవు. కౌలు రైతుకు ధైర్యం లేక కాదు, లెక్క తెలిసి ఊరుకున్నాడు. కుర్రాడు కూడా అంతే. నోరు విప్పితే పోయేది తన ఒక్కడిదీ, వచ్చేది ఊరందరిదీ అయినప్పుడు ఊరుకోవడమే తెలివి. తెలివైనవాళ్లు ఊరుకోకుండా ఉండాలంటే చెప్పడం చవక కావాలి. సుద్దముక్కంత చవక.

మొన్న సంక్రాంతి ముందు మళ్లీ అటు వెళ్లాను. సొసైటీ ఆఫీసు గోడకు నల్లరంగు వేసి ఉంది, ఒక బారెడు వెడల్పున. ఫోన్‌లో సాగర్ మట్టం చూసే కుర్రాడే వేశాడట, తన డబ్బుతో. పైన ఆ రోజు తేదీ, దాని కింద సాగర్ మట్టం. ఆ కింద వేములపల్లి వైపు నాట్లు ఎంతవరకూ వచ్చాయో ఉంది, అది మేస్త్రి చెప్పిందని విన్నాను. ఆమెకు రాయడం రాదు, కుర్రాడు రాస్తాడు. బోర్డు ఎందుకు పెట్టావని పెద్దాయన ఏమీ అనలేదా అని అడిగాను. "ఏమన్లే సార్. పొద్దున్నే వచ్చి చదువుతడు, చదివి ఏమనకుండ పోతడు" అన్నాడు కుర్రాడు.

అన్నిటికంటే కింద, వంకరటింకర అక్షరాలతో ఒక వాక్యం ఉంది: మూడో తూము షట్టరు బాగు కాలేదు. దాని కింద ఇంకెవరో, వేరే చేతిరాత, పేరు లేదు, రెండే మాటలు రాసి పోయారు.

నాలుగోది గూడ.